పల్నాటి కత్తికి రవాణా రశీదు

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాటి దారులన్నీ కారంపూడి వైపే తిరుగుతాయి. పన్నెండవ శతాబ్దంలో నాగులేటి ఒడ్డున జరిగిన అన్నదమ్ముల పోరును తలచుకుంటూ అక్కడ అయిదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావుతో మొదలై రాయబారం, మందపోరు, కోడిపోరు నడిచి కళ్ళిపాడుతో ముగుస్తాయి. వినుకొండకూ కారంపూడికీ నడుమ ఉన్న మన బొల్లాపల్లి వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పల్నాటి గ్రామాల నుంచే గాక ఇతర జిల్లాల నుంచీ, తెలంగాణ నుంచీ కూడా వీరాచారవంతులు తమ తమ వీరుల ఆయుధాలతో వస్తారు. వాటిని కొణతాలంటారు. బ్రహ్మనాయుడి నృసింహకుంతం, కన్నమదాసు భైరవఖడ్గం అని పేరు పెట్టి పిలుచుకునే ఆ ఆయుధాలకు జరిగే మర్యాద చూసినవారెవ్వరూ వాటిని ఇనుపముక్కలు అనరు.

ఉత్సవ విశేషాలు మన పాఠకులకు తెలిసినవే గనుక వాటి జోలికి పోవడం లేదు. రైల్వే గూడ్సు ఆఫీసులో సరుకు పేర్లు రాసి, తరగతులు చూసి, రశీదులు చింపి ఇచ్చిన ఉద్యోగిని నేను. కత్తిని చూడగానే అందరికీ యుద్ధం గుర్తుకొస్తే నాకు ఫార్వర్డింగ్ నోటు గుర్తుకొస్తుంది. అందులో సరుకు వివరం రాసే గడి ఒక్కటే. మూడడుగుల ఉక్కు ముక్కకు మాత్రం పేర్లు నాలుగు. గుడిలో అది దైవం, పోలీసు స్టేషన్లో ఆయుధం, పొలంలో పనిముట్టు, మ్యూజియంలో పురావస్తువు. ఆ గడిలో ఏ పేరు రాశామన్నదాన్ని బట్టే దాని తర్వాతి బతుకు నడుస్తుంది. కత్తుల రవాణా చరిత్ర అంటే నా దృష్టిలో ఈ పేర్ల చరిత్రే.

మొదట్లో తెలుగు దేశం నుంచి కత్తి కంటే ఎక్కువగా కత్తికి కావలసిన ఉక్కే దూరదేశాలకు ప్రయాణం చేసింది. నేటి నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మట్టిమూసల్లో కరగించి తీసిన ఉక్కు గడ్డల కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఆ ఊళ్లోనే మకాం వేసి, దగ్గరుండి చూసుకొని కొనేవారని హెన్రీ వాయిసీ రాశాడు. ఈయన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసినవాడు. 1824లో చనిపోయాడు, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. డమాస్కస్ కత్తికి పనికివచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వచ్చేదని, ఒక్కో గడ్డను రెండుగా కోస్తే ఒక్కో ముక్క ఒక్కో కత్తి అయ్యేదని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అంతకు ముందే, 17వ శతాబ్దంలోనే రాశాడు. అదే శతాబ్దంలో డచ్చివారు మచిలీపట్నం కోస్తా నుంచి ఇనుము, ఉక్కు ఓడలకెక్కించారు. ఇంగ్లీషువారు ఈ ఉక్కును ‘ఊట్జ్’ అన్నారు. మన దక్షిణాది భాషల ‘ఉక్కు’ మాటే వాళ్ల నోట్లో పడి అలా అయిందని పండితులు చెబుతారు.

ఉక్కును గడ్డగా పంపడంలో ఒక తెలివి ఉందని నాకు అనిపిస్తుంది. గడ్డకు మొన లేదు, వాదర లేదు, పిడి ఊడదు, ఒర పగలదు. గోనెలో పోసి ఎద్దు మీద వేస్తే చాలు. పైపైన తుప్పు పట్టినా కొలిమిలో పోతుంది. కత్తిగా మారిన తర్వాత పంపాలంటే ఇవన్నీ చూసుకోవాలి. అలా పంపినవాళ్లూ లేకపోలేదు. 1666-67 ప్రాంతంలో ఈ దేశం తిరిగిన తెవనో అనే ఫ్రెంచి యాత్రికుడు ఇందల్వాయి గురించి చెబుతూ అక్కడ తయారయ్యే కత్తులు, బాకులు, బల్లేలు దేశమంతటా అమ్ముడుపోతున్నాయని రాశాడు. ఇందల్వాయి కూడా నిజామాబాదు వైపుదే. గుర్తించవలసిన సంగతేమిటంటే, ఆ రోజుల్లో కత్తి మామూలు సరుకు. ధాన్యం లాగే, బట్ట లాగే సుంకం కట్టి ముందుకు పోయేది.

ఆ స్థితి మారింది కంపెనీ పోయి రాణి పాలన వచ్చాకనే. 1857 తిరుగుబాటు తర్వాత ప్రజల దగ్గర ఆయుధాలు ఉండకూడదన్నది దొరల పట్టుదల అయింది. 1878 ఆయుధాల చట్టంలో తుపాకులతో పాటు కత్తి, బాకు, బల్లెం, బల్లెపు మొన, చివరికి విల్లంబులు కూడా ఆయుధాల జాబితాకెక్కాయి. వాటి రవాణాను నిషేధించే అధికారం ప్రభుత్వానికి, అనుమానాస్పదంగా తీసుకుపోయేవాడిని పట్టుకునే అధికారం అధికారులకు వచ్చాయి. అప్పటి నుంచీ కత్తి తాను చేసినదాని వల్ల గాక, తాను ఏమిటన్నదాని వల్ల నేరస్థురాలు కావడం మొదలైంది.

రైల్వే వాళ్లు మాత్రం కత్తిని ఇంకో కంటితో చూశారు. రైల్వేకు కావలసింది రెండే: ఇది తోటి సరుకును పాడు చేస్తుందా, పోతే ఎంత కట్టాలి? పేలేవి, మండేవి, కాల్చేవి అన్నీ ఎర్ర టారిఫ్ పుస్తకంలో ఉంటాయి. కత్తి దేన్నీ పేల్చదు, మండదు గనుక ఆ పుస్తకంలో దానికి చోటు లేదు. ప్రపంచమంతటా ప్రమాదకర సరుకులను తొమ్మిది తరగతులుగా విభజించారు గదా, వాటిలోనూ కత్తి లేదు. నేటికీ చాలామంది పొరపడేది ఇక్కడే. కత్తి ప్రమాదకరమే గాని, సరుకుల లెక్కలో ప్రమాదకర సరుకు కాదు. ఇక విలువ సంగతి. 1890 రైల్వే చట్టం రెండవ షెడ్యూలులో బంగారం, వెండి, ముత్యాలు, రత్నాలు, దంతం, చిత్రాలు, శిల్పాల వంటి కళావస్తువులు వరుసగా ఉండేవి. వాటిని బుక్ చేసేవాడు విలువ చెప్పి, అడిగిన అదనపు రుసుము చెల్లించాలి. లేకపోతే పోయినదానికి రైల్వే జవాబుదారీ కాదు. ఆ విధంగా వట్టి ఉక్కు కత్తి ఇనుము కింద పోతే, పిడికి బంగారు పూత ఉన్న జమీందారు కత్తి ఆ షెడ్యూలు కిందికి వచ్చేది. 1989 చట్టంలో మాటలు మారినా, విలువ చెప్పకపోతే పరిహారం బరువును బట్టే గాని విలువను బట్టి రాదన్న సూత్రం నిలిచే ఉంది. తల్వారు బరువు సుమారు ఒక కిలో. బరువు లెక్కన ఎంత వస్తుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం, 1962లో నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల స్థానంలో 2016లో కొత్తవి వచ్చినా కత్తులది ఐదవ కేటగిరీయే. కత్తులు, గుప్తీ కర్రలు, బాకులు, బాయినెట్లు, బల్లేలు, యుద్ధపు గొడ్డళ్లు, కిర్పాన్లు, కుక్రీలు అందులో చేరాయి. ఇవిగాక, అలుగు 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా, అటువంటి ఆయుధాలన్నీ అందులోకే వస్తాయి. అయితే ఇంటిపనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమకు తయారైనవి కావు.

ఆ చివరి వాక్యం మన ప్రాంతానికి ప్రాణం వంటిది. నల్లమల అంచున బతికే రైతు ఇంట్లో కంప నరికే మచ్చుకత్తి, కొడవలి, గొడ్డలి లేకుండా ఉంటాయా? కొలిచి చూస్తే అన్నీ 9 అంగుళాలు దాటుతాయి. కొలతతో కాదు, దేనికోసం చేశారన్నదానితో చట్టం వాటిని విడిచిపెట్టింది. వేటకొడవలి దగ్గరే చిక్కు. పల్నాట ఆ పేరు పొలంలో ఒక అర్థంతో, పోలీసు రిజిస్టరులో ఇంకో అర్థంతో వినిపించిన కాలం మనలో చాలామంది చూసిందే. కమ్మరి ఒక్కడే, కొలిమి ఒక్కటే. చేతిలోకి వెళ్లాకనే పేరు మారుతుంది. అందుకే ఇటువంటి వస్తువును లారీకెక్కించేటప్పుడు ఎవరు, ఎవరికి, ఎందుకు పంపుతున్నారో కాగితం మీద ఉండడం మంచిది.

అట్టకత్తుల విషయం కూడా చెప్పాలి. నాటక సమాజాల పెట్టెలు బుక్ అయ్యే రోజుల్లో కిరీటాలు, గదలు, విల్లంబులతో పాటు రేకు కత్తులు, చెక్క కత్తులు వచ్చేవి. బొమ్మగా తప్ప పనికిరానిది, పనికొచ్చే ఆయుధంగా మార్చడానికి వీలులేనిది ఆయుధం కాదని చట్టమే చెబుతోంది. కాబట్టి అవి నాటక సామాను. పెట్టెలో నిజం కత్తి ఒక్కటి కలిసినా ఆ మాట చెల్లదు.

ఐదవ కేటగిరీ కత్తి ఇంట్లో ఉంచుకోవడానికి దేశమంతటా లైసెన్సు కావాలని కొందరు భయపడతారు. చట్టంలోని 4వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రాంతాల్లోనే తుపాకీ కాని ఆయుధాలకు లైసెన్సు అవసరం. రవాణాను నియంత్రించే అధికారం 12వ సెక్షను కింద వేరుగా ఉంది. ఎన్నికల సమయంలో, నిషేధాజ్ఞలు ఉన్నప్పుడు పరిస్థితి ఇంకా వేరు. పంపే ఊళ్లోనూ, చేరే ఊళ్లోనూ స్టేషన్లో ఒక మాట అడిగి పంపడానికి మనకు పోయేదేమీ లేదు. సిక్కుల కిర్పానుకు రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే చోటు దొరికింది. కొడగువారికి ఆయుధాల లైసెన్సు విషయంలో ప్రత్యేక మినహాయింపు ఉంది. ఆచారాన్ని చట్టం గుర్తించిన సందర్భాలు ఉన్నాయని చెప్పడానికే ఈ రెండూ ప్రస్తావించాను.

పేరు తప్పుగా రాస్తే ఏమవుతుందో ఉద్యోగంలో ఒకసారి దగ్గరగా చూశాను. స్టేషను పేరు అనవసరం. ‘ఇనుప సామాను, పెట్టె 1’ అని రాసి ఒకాయన పొడుగు పెట్టె ఒకటి పంపాడు. లోపల తాతగారి కత్తి, చుట్టూ పాత దినపత్రికలు, అంతే. వ్యాగను కుదుపులకు కత్తి ముందుకు జారి మొన పెట్టె చెక్కను పొడుచుకొని అంగుళం బయటికి వచ్చింది. దించుతున్న కూలీ అరచెయ్యి తెగింది. ఇనుప సామాను అన్నదాంట్లో కత్తి ఏమిటని పెట్టెను ఆపేశారు. పోలీసులు వచ్చారు, పంచనామా జరిగింది, కబుర్లు వెళ్లాయి. వారసత్వపు వస్తువే అని తేలి విడుదల అయ్యేసరికి వానాకాలం గడిచిపోయింది. కత్తి మీద పత్రికల అక్షరాల వెంబడే తుప్పు మచ్చలు పడ్డాయి. ‘పాత కత్తి, ఒరతో’ అని నాలుగు మాటలు రాసి ఉంటే ఆ చెయ్యి తెగేది కాదు, ఆ కత్తి చెడేది కాదు. కూలీ ఆ పెట్టెను పట్టుకునే తీరే వేరుగా ఉండేది గదా!

ఇక కట్టు విషయానికి వద్దాం. మ్యూజియం వాళ్లు ఈ పనిని శాస్త్రంగా పెంచారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. ఆయుధాల విభాగంతో సహా అంత సంపదనూ ఊళ్లోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడమంటే మాటలు కాదు. మనం ఒక్క కత్తి పంపేటప్పుడు కూడా వారు పాటించే పద్ధతులు కొన్ని తెలిసి ఉంటే మేలు.

మొదటిది, ఒట్టి చేత్తో అలుగును పట్టుకోకూడదు. చేతి చెమటలోని ఉప్పు వేలిముద్ర రూపంలోనే తుప్పుగా తేలుతుంది. పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషనుకు వాడే పలచటి నూనె పూతగా రాయాలి. కొబ్బరినూనె వద్దు. అది కొంతకాలానికి పాడై జిగటగా పేరుకుంటుంది, దుమ్ము పడుతుంది. పంపేముందు మెరవాలని గరుకు కాగితంతో రుద్దడం, చింతపండుతో తోమడం అసలే కూడదు. పాత ఉక్కు మీద నీటి అలల వంటి జాడ ఉంటుంది. ఉర్దూలో జౌహర్ అంటారు. మూసలో పుట్టిన ఉక్కుకు అదే జాతకం. ఒక్క పూట తోమితే అది చెరిగిపోతుంది, మళ్లీ రావడం కష్టం.

రెండవది ఒర. కత్తికి ఒరకంటే మంచి పెట్టె ఏముంటుందని అందరూ అనుకుంటారు. పాత తోలు ఒర గాలిలోని తేమను పీలుస్తుంది, తోలు పదును చేసిన పులుపు అందులో మిగిలి ఉంటుంది. నెలల తరబడి లోపల పెడితే అలుగు తినేస్తుంది. దూరప్రయాణానికి కత్తినీ ఒరనూ విడివిడిగా చుట్టి, ఒకే పెట్టెలో పక్కపక్కన ఉంచడమే సరైన పద్ధతి. కత్తి ఒరలో బిగుసుకుపోయి ఉంటే మాత్రం బలవంతాన లాగకూడదు. ఒర కుట్టు చీలి వాదర చేతిలోకి రావచ్చు.

మూడవది చాలామందికి తెలియనిది. మన దేశపు తల్వారుకు పిడిని మేకులతో బిగించరు. అలుగు అడుగున పిడిలోకి దూరే సన్నటి తోక ఉంటుంది. పిడి బోలులో కరిగిన లక్క పోసి ఆ తోకను దింపుతారు. లక్క చల్లారితే రాయిలా పట్టుకుంటుంది, వేడెక్కితే మెత్తబడుతుంది. మే నెలలో రెంటచింతల ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఎండలో మూసిన రేకు వ్యానులో రెండు రోజులుంటే లక్క పట్టు సడలి పిడి తిరిగిపోయే ప్రమాదముంది. అందువల్ల ఎండాకాలం పంపవద్దు. పంపక తప్పకపోతే అలుగు బరువు పిడి మీద పడకుండా ఆధారాలు ఏర్పాటు చేయాలి.

ఆ ఆధారాలు ఇలా ఉంటాయి. పెట్టె అడుగున కనీసం మూడు చోట్ల, పిడి కింద, అలుగు నడుమన, మొనకు కొంచెం ఇవతల, మెత్తటి నురుగు దిమ్మలను కత్తి ఆకారానికి గాడి కోసి అమర్చాలి. కత్తి వెల్లకిలా, చదునుగా పడుకోవాలి గాని వాదర మీద నిలబడకూడదు. వాదరకు మడిచిన దళసరి అట్ట తొడుగు, మొనకు బెండు ముక్క గుచ్చాలి. అన్నిటికంటే ముఖ్యం, పిడి వెనక అడ్డంగా ఒక చెక్క, మొన ముందు జానెడు ఖాళీ, ఆ ఖాళీ తర్వాత ఇంకో అడ్డచెక్క ఉండాలి. నేను పైన చెప్పిన పెట్టెలో లేనిది ఇదే. చుట్టడానికి దినపత్రిక వద్దు, పులుపు లేని తెల్లకాగితం వాడాలి. తేమ పీల్చే సిలికా పొట్లాలు రెండు వేసి, పాలిథీను కవరు మూసి, మూతను మేకులతో గాక మరలతో బిగించాలి. తనిఖీకి తెరవవలసి వస్తే పెట్టె పగలకుండా ఉంటుంది. విదేశాలకు పోయే పెట్టె చెక్కను 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు కాచి గానీ, మందుపొగ పట్టించి గానీ అంతర్జాతీయ ముద్ర వేయించాలి. ప్లైవుడ్ అయితే ఆ బాధ లేదు.

విదేశాల మాట వచ్చింది గనుక మన సభ్యులలో చాలామందికి సంబంధించిన సంగతి ఒకటి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డారు, ఇక్కడ ఇల్లు అమ్ముతున్నాం, అటక మీద తాతల నాటి కత్తి ఉంది, గుర్తుగా అబ్బాయికి పంపుదామని అనుకుంటారు. 1972 పురావస్తు చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నూరేళ్లు నిండిన ఇటువంటి వస్తువు పురావస్తువు. దాన్ని ఎగుమతి చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు తప్ప ఎవరికీ లేదు. మీరిన వారికి 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, జరిమానా. నూరేళ్లు నిండలేదనుకుంటే పురావస్తు సర్వేక్షణ శాఖ వారికి చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆయుధం గనుక ఎగుమతికి ఆయుధాల చట్టం నిబంధన కూడా ఉంటుంది. విమానంలో చేతిసంచిలో ఎటూ రానివ్వరు.

కస్టమ్స్ వారి పుస్తకంలోనూ ఈ పేర్ల ఆటే. కత్తులు, బల్లేలు, వాటి ఒరలు 9307 కింద వస్తాయి. అదే కత్తికి నూరేళ్లు దాటితే 93వ అధ్యాయం విడిచి 9706లోకి, అనగా పాతకాలపు వస్తువులలోకి పోతుంది. వంటింటి చాకు 8211, కొడవలి 8201, పిల్లల బొమ్మకత్తి 9503. ఇప్పుడు లారీ సరుకు బిల్లుల మీద కూడా ఈ నంబర్లే వేస్తున్నారు. కత్తిని 8211 అని వేసి పంపితే తొందరగా పోతుందని సలహా చెప్పేవాళ్లుంటారు. పోతుంది, పట్టుబడేదాకా. పట్టుబడితే తాతగారి కత్తి మళ్లీ ఇంటికి రాదు.

పేరూ కాగితమూ ఎంత కాలం బతుకుతాయో చెప్పడానికి ఒక ఉదాహరణ. హైదరాబాదు నిజాముల సేకరణలో 14వ శతాబ్దపు తల్వారు ఒకటి ఉండేది. అలుగు పాములా వంకరలు తిరిగి, అంచు రంపపు పళ్లతో, ఏనుగులు, పులులు బంగారంతో చెక్కి ఉంటుంది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం సందర్భంగా 1903లో జరిగిన ఢిల్లీ వేడుకలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ప్రదర్శించాడు. 1905లో బొంబాయి సైన్యాధిపతి ఆర్చిబాల్డ్ హంటర్ దాన్ని హైదరాబాదు ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ దగ్గర కొన్నట్లు కాగితం ఉంది. హంటర్ మేనల్లుడు 1978లో స్కాట్లండులోని గ్లాస్గో మ్యూజియంకు ఇచ్చాడు. చివరికి అది యజమాని నుంచి దొంగిలించబడ్డాక కొన్న వస్తువని ఆ మ్యూజియమే తేల్చింది. ఇంకో ఆరు వస్తువులతో పాటు దాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చేందుకు 2022 ఆగస్టు 19న అక్కడి కెల్విన్‌గ్రోవ్ భవనంలో సంతకాలు చేశారు. 117 ఏళ్ల తర్వాత ఆ దారిని వెనక్కి పట్టుకోగలిగింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో రాసిపెట్టి ఉండబట్టే. మన అటకల మీది కత్తులకు అటువంటి కాగితం ఉందా అని అడిగితే నూటికి తొంభై ఇళ్లలో లేదనే సమాధానం వస్తుందని నా అనుమానం. పాత ఇనుము బండివాడికి తూకానికి వేసిన కత్తులు ఎన్నో!

కాబట్టి దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపేవారు సరుకు వివరం గడిలో రాయవలసింది ఇది: ‘పాత ఉక్కు కత్తి 1, తోలు ఒరతో, పిడిపై వెండిపని, అలుగు పొడవు ఇన్ని అంగుళాలు, వంశపారంపర్యంగా వచ్చినది, అమ్మకానికి కాదు, విలువ ఇన్ని రూపాయలు.’ దాని కింద పంపేవారి సంతకం, చేరవలసినవారి పేరు. కత్తికి పిడి నుంచి మొన దాకా ఒకటి, గుర్తులు, అక్షరాలు ఏమైనా చెక్కి ఉంటే వాటికి ఒకటి ఫొటోలు తీయించాలి. ఆ వివరం మూడు ప్రతులు రాసి, ఒకటి పాలిథీను కవరులో పెట్టె లోపల, ఒకటి రశీదుకు జతగా, మూడవది మన ఇంటి దస్తావేజుల కట్టలో ఉంచాలి. పెట్టె మీద ‘వాదర ఉన్న వస్తువు, మొన ఇటువైపు’ అని తెలుగులోనూ, హిందీలోనూ పెద్ద అక్షరాలతో రాసి బాణం గుర్తు వేయడం మరవకూడదు. దించే కూలీకి ముందుగా కనబడేది అదే.